మీ భార్యకు ఇది ఏడో నెల

ఆ ఏడాది వానలు మొదలైన వారంలోనే నా ఫోన్లో ఒకావిడ గొంతు మొదలైంది. వాన అప్పుడప్పుడూ తెరిపి ఇచ్చేది. ఆ గొంతు ఇవ్వలేదు.

నాది గొడుగులు బాగుచేసే పని. మా ఇంటి ముందుగదే నా కొట్టు. వీధివైపు కిటికీ తలుపు పైకెత్తి కర్ర ఆనిస్తే కొట్టు తెరిచినట్టు, దించితే మూసినట్టు. ఏడాదిలో మిగతా నెలలు ఈగలు తోలుకుంటాను. వానాకాలం మాత్రం తల గోక్కునే తీరిక ఉండదు. ఆ పొద్దున కూడా విరిగిన ఊచలు ఒడినిండా వేసుకుని కూర్చున్నాను. ఫోను మోగింది. నాది బొత్తాల ఫోను. చెవులు కొంచెం మందం కాబట్టి స్పీకరు పెట్టే వింటాను.

"నమస్కారం," అందొక గొంతు. పాకం పట్టినట్టుంది. "మీ భార్యకు ఇది ఏడో నెల."

మా ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. ఆ మాటే చెప్పాను. "అమ్మా, మా ఆవిడ లేదు."

"ఈ సమయంలో ఆమెకు మీ తోడు ఎంతో అవసరం."

"లేదంటుంటే."

"ఆమె కాళ్లకు నీరు రావచ్చు. కూర్చున్నప్పుడు కాళ్లు ఎత్తు మీద పెట్టుకునేలా చూడండి. రేపు మళ్లీ మాట్లాడుకుందాం."

కిటికీ బయట గొడుగు కోసం నిలబడ్డ పోస్టుమాన్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. "ఈ వయసులో శుభవార్తేనా పెద్దాయనా?"

మాటల దగ్గర నేను పరమ పిసినారినని మా అబ్బాయి అంటుంటాడు. గొడుగు చేతికిచ్చి పంపేశాను. తర్వాత ఊచకి తీగ చుడుతూ ఆలోచిస్తే తట్టింది. ఇంట్లో ఏడో నెల మా కోడలికి.

అది ఎలా జరిగిందో తర్వాత తెలిసింది. ఆసుపత్రిలో నర్సమ్మ కోడలి ఫోన్లో ఒక యాప్ వేసిందట. తొలిచూలు వాళ్ల కోసమట అది. రోజూ ఎలా ఉన్నావని అడుగుతుంది, ఊపిరి ఎలా తీసుకోవాలో చెబుతుంది, ఏదైనా తేడా ఉంటే నర్సమ్మకి కబురు పెడుతుంది. భర్తకు కూడా ఫోన్ చేసి నాలుగు మంచి మాటలు చెబుతుంది. అందుకని భర్త నంబరు అడిగారు. మా అబ్బాయి లారీ తోలతాడు, ఏ రోడ్డు మీదుంటే ఆ రోడ్డు నంబరు, మారుతూనే ఉంటుంది. కోడలికి నోటికి వచ్చిన నంబరు లోకంలో ఒక్కటే. మా కిటికీ పైన బోర్డు మీద 'గొడుగులు బాగుచేయబడును' అని రాసి, దాని కింద ఎర్ర రంగుతో నా నంబరు ఉంటుంది. ఇంట్లోకి వచ్చినప్పుడల్లా కనబడేది అదే. నర్సమ్మ అడగ్గానే అదే చెప్పేసింది.

నంబరు తప్పని నేను ఆరోజే చెబితే సరిపోయేది. కానీ అది ఏమేం చెప్పిందో కూడా చెప్పాల్సి వచ్చేది. మామ నోట రావాల్సిన మాటలు కావు అవి. పైగా ఆసుపత్రి వాళ్లే అయి ఉంటారు, వాళ్లు చెప్పారంటే చెయ్యాలి కదా. ఒక పాత చెక్కపెట్టెకి నల్ల గుడ్డ బిగించి, లోపల దూది కుక్కి, చిన్న పీట చేశాను. పట్టుకెళ్లి కోడలి ముందు పెట్టాను.

"ఏంటి మామయ్యా ఇది?"

"కాళ్లకి," అన్నాను. వచ్చేశాను.

ఆమె మా ఇంటికి వచ్చాక ఇంట్లో మాటలన్నీ ఆమెవే. బట్టల దుకాణంలో బిల్లులు కొట్టే పని. సాయంత్రం వచ్చి, ఆరోజు ఎవరు ఏ చీర ఎన్నిసార్లు విప్పించి చివరికి జేబురుమాలు కొనుక్కుపోయారో గొంతు మార్చి మార్చి చెప్పేది. పక్కింటావిడకి 'రేడియో' అని పేరు పెట్టింది కూడా తనే. అలాంటిది కడుపు కనబడటం మొదలయ్యాక మాట తగ్గింది. పని మానేసి ఇంటిపట్టున ఉన్నాక అసలు లేదు. ఫోన్ తీసి, అందులో ఏదో నొక్కి, పక్కన పెట్టి, గోడకేసి చూస్తూ కూర్చునేది.

రేడియో మాత్రం రోజూ వచ్చేది. మంచి మనిషి, కూర చేస్తే గిన్నెడు తెచ్చిస్తుంది. కానీ నోరు విప్పిందంటే లోకంలో జరిగిన చెడ్డ కాన్పులన్నీ వరసగా వచ్చేవి. నేను ఇవతల గదిలో వింటూనే ఉండేవాణ్ణి.

"మా పిన్ని కూతురికి రెండు పగళ్లు నొప్పులే పిల్లా. చివరికి..."

"అత్తా, చివరికి ఏమైందో చెప్పకు."

"చెప్పనులే. చెబితే భయపడతావు. ఆ పిల్ల అరుపులు మాత్రం వీధి చివరికి వినబడ్డాయంటే నమ్ము."

ఒకరోజు ఫోన్లో గొంతు అంది, "ఆమెను భయపెట్టే మాటలు చెప్పేవారితో మీరు నెమ్మదిగా మాట్లాడండి." ఎవరో చూసి చెప్పినట్టే ఉంది. రేడియో వెళ్లిపోతుంటే కిటికీ దగ్గర ఆపాను.

"చెల్లెమ్మా, నీకెంతమంది?"

"నలుగురు. నీకు తెలీదా అన్నయ్యా?"

"నీ కాన్పులు చెప్పవేం ఆ పిల్లకి?"

ఆవిడ తెల్లబోయింది. "నా కాన్పుల్లో చెప్పడానికేముంది? నొప్పి రావడం, కనడం, టీ తాగడం."

"అదే చెప్పు."

మూతి ముడుచుకుని వెళ్లింది. రెండు రోజులు రాలేదు. మూడో రోజు వచ్చి, రెండోవాణ్ణి కన్నాక టీలో చక్కెర తక్కువైందని ఆసుపత్రిలో ఎలా గొడవ పెట్టుకుందో చెప్పింది. చాలా రోజుల తర్వాత లోపల్నుంచి కోడలి నవ్వు వినబడింది.

ఆ గొంతు చెప్పేవాటిలో నేను చేయలేనివి కొన్ని ఉండేవి. వాటిని అబ్బాయికి అప్పజెప్పాను.

"ఒరే, దానికి అందంగా ఉందని చెప్పు."

"ఎవరికి?"

"నీ పెళ్లానికి."

అటువైపు లారీ బ్రేకు కీచుమంది. తర్వాత అన్నాడు, "నాన్నా, ఒంట్లో బాగానే ఉందా నీకు?"

"నాకు బాగానే ఉంది. నువ్వు చెప్పు. ఇవాళే చెప్పాలట."

"ఎవరట?"

ఫోన్ పెట్టేశాను.

ఎనిమిదో నెల వచ్చేసరికి వీధంతా నీళ్లు. గొంతు ఒక పొద్దున అంది, "ఇవాళ కాసేపు ఆమె పక్కన కూర్చోండి. ఆమె చెప్పేది వినండి. సలహాలు ఇవ్వకండి." ఇది నా చేతనయ్యే పనే అనిపించింది. మధ్యాహ్నం పటకారు కింద పెట్టి, లోపలికి వెళ్లి, ఆమె మంచం పక్కన ముక్కాలిపీట మీద కూర్చున్నాను.

"ఏమన్నా కావాలా మామయ్యా?"

"ఏం లేదు. కూర్చున్నా."

ఆమె చూసింది. నేను గోడ చూశాను. పైన రేకుల మీద వాన. కొంచెం సేపయ్యాక లేచి వచ్చేశాను. మర్నాడూ వెళ్లాను. ఆ మర్నాడు ఆమె అంది, "మామయ్యా, మీరు ఇలా కూర్చుంటుంటే నాకేదో జబ్బు ముదిరిందని డాక్టరు మీకు చెప్పినట్టుంది." నేను తల అడ్డంగా ఊపాను. దిండు సర్దుకుని పక్కకి తిరిగి పడుకుంది. కానీ వెళ్లమనలేదు.

మరో పొద్దున ఆమె నాకు టీ తెచ్చిన వేళకే ఫోన్ మోగింది. రెండు చేతుల్లోనూ గొడుగు గుడ్డ. "నేను తీస్తా ఉండండి," అని ఆమే బొత్తం నొక్కింది.

"నమస్కారం. మీ భార్య ఈ మధ్య చికాకు పడుతోందా? దాన్ని మీ మీద కోపంగా తీసుకోకండి. ఆమె నడుము నెమ్మదిగా నిమరండి..."

చటుక్కున లాక్కుని ఆపేశాను. అప్పటికే ఆమె కిటికీ చట్రం పట్టుకుని కిందికి జారుతోంది. కంగారుపడ్డాను. చూస్తే నవ్వు. కడుపు పట్టుకుని, ఊపిరాడక, కళ్లనీళ్లు కారేలా నవ్వింది. నవ్వుతూనే కిటికీ పైన బోర్డు వైపు చెయ్యి చూపించి, నర్సమ్మతో ఏం చెప్పిందో చెప్పింది. ఆ నవ్వు ఎప్పుడు ఏడుపులోకి తిరిగిందో నాకు తెలియలేదు.

"అంటే ఆ పీట, అత్తతో మాట్లాడటం, పక్కన వచ్చి కూర్చోవడం... అన్నీ అది చెబితే చేశారా?"

"చెప్పింది అది. చేసింది నేనే కదమ్మా."

ముక్కు తుడుచుకుంది. గొడుగుల మధ్యే కూర్చుండిపోయింది. తన ఫోన్ తీసి నాకు చూపించింది. మూడు మొహాలు ఉన్నాయి. ఒకటి నవ్వుతోంది, ఒకటి మామూలుగా ఉంది, ఒకటి ఏడుస్తోంది.

"రోజూ ఎలా ఉన్నావని అడుగుతుంది మామయ్యా. రోజూ నవ్వేదే నొక్కుతున్నాను."

"ఏం?"

"ఏడ్చేది నొక్కితే నర్సమ్మ ఫోన్ చేస్తుంది. ఆసుపత్రికి రమ్మంటుంది." పక్కనున్న గొడుగు పిడి తిప్పింది. "మా అక్క కాన్పుకి నేనే తోడు వెళ్లాను. నన్ను తలుపు బయట కూర్చోబెట్టారు. లోపల అక్క ఎవరైనా రండి, ఎవరైనా రండి అని పిలుస్తూనే ఉంది. ఎవరూ వెళ్లలేదు. నన్ను వెళ్లనివ్వలేదు. అక్క బాగానే ఉంది, పిల్లాడూ బాగానే ఉన్నాడు. ఇద్దరూ నిక్షేపంలా ఉన్నారు. నాకే ఆ పిలుపు చెవిలోంచి పోవట్లేదు. నొప్పులొచ్చినా ఎవరికీ చెప్పకూడదనుకున్నాను. తలుపేసుకుని ఇక్కడే కనేస్తాను. ఏమైతే అదవుతుంది."

సలహాలు ఇవ్వకండి అన్నది ఆ గొంతు. ఏం అనాలో వెతికాను. చేతిలో గొడుగు ఉంది.

"కొందరు గొడుగు తెచ్చి ఏమీ కాలేదు, ఊరికే చూడమంటారు," అన్నాను. "ఎక్కడ విరిగిందో చెప్పరు. విప్పి చూస్తే గానీ తెలీదు. ఫోన్‌కి అలా విప్పి చూడటం కుదరదు కదమ్మా. నువ్వు చెబితేనే దానికి తెలుస్తుంది."

ఆమె ఫోన్ ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత ఏడ్చే మొహం నొక్కింది.

నర్సమ్మ నిజంగానే ఫోన్ చేసింది. తిట్టలేదు. రెండు రోజులాగి రమ్మంది, వైద్యానికి కాదు, గది చూడటానికి. రేడియో, నేను, కోడలు ముగ్గురం వెళ్లాం. నర్సమ్మ కాన్పుల గది తలుపు తీసి, మంచం చూపించింది, దీపం చూపించింది, ఎక్కడ నిలబడి ఎవరు ఏం చేస్తారో చెప్పింది. కోడలు మంచం ఇనుపచట్రం మీద చెయ్యి వేసి చూసుకుంది.

"తోడు ఒకరిని లోపల ఉండనిస్తున్నాం ఇప్పుడు. ఎవరు ఉంటారు?"

"అత్త లోపల ఉంటుంది," అంది కోడలు. "మామయ్య ఆ తెర ఇవతల."

"పెళ్లివారిలా అందరూ వస్తారా?" అని నర్సమ్మ ఫోన్లో చూసుకుంది. "ఇక్కడ భర్త అని ఉన్నది ఎవరి నంబరు?"

రేడియో కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆ తర్వాత రోజుల్లో కోడలు మధ్యాహ్నాలు వచ్చి కొట్టులోనే కూర్చునేది. ఫోన్ ముందు పెట్టుకుని ఊపిరి పీల్చడం, వదలడం నేర్చుకునేది. కుదిరేది కాదు. "ఈవిడకి తొందరెక్కువ మామయ్యా. నేను పీల్చేలోపు వదలమంటుంది." నేను బాగుచేసిన గొడుగు చూసుకుంటున్నాను. కొత్త ఊచ ఎక్కడైనా పట్టేస్తోందేమోనని మెల్లగా తెరుస్తాను, ఆగుతాను, మెల్లగా మూస్తాను. తెరుచుకునేటప్పుడు గుడ్డ బిగిసే చప్పుడు, మూసేటప్పుడు టక్కుమని గొళ్లెం. అలా చేస్తుంటే చూశాను. ఆమె ఫోన్ పక్కన పెట్టేసింది. గొడుగు తెరిస్తే ఊపిరి పీలుస్తోంది, మూస్తే వదులుతోంది. ఆ గొడుగు ఎప్పుడో బాగయింది. అయినా ఆపలేదు.

నెలలు నిండాయి. అబ్బాయి రేపో ఎల్లుండో వస్తానన్నాడు. వాగు పొంగి వంతెన మీద బండ్లు ఆపేశారు.

ఆ మధ్యాహ్నం ఆమె అన్నం తిని, ఎప్పట్లాగే ఎడమవైపు పడుకుంది. బిడ్డ ఎంత కదులుతోందో చూసి చెప్పమని ఫోన్ రోజూ అడుగుతుంది. చాలాసేపటికి లేచి వచ్చింది. నా ఎదురుగా నిలబడింది.

"మామయ్యా, ఇవాళ కదలడం తగ్గింది. పొద్దున్నుంచీ అంతే."

నేను ఆమె చేతిలో ఫోన్ వైపు చూశాను.

"నొక్కాను," అంది. "ఉన్నది ఉన్నట్టే నొక్కాను."

ఫోను ఎర్రగా వెలుగుతోంది. వెంటనే బయలుదేరమంటోంది. దాని మీదే నర్సమ్మ పిలుపు కూడా వచ్చింది.

మా వీధిలోకి బండి రాదు, మోకాలి లోతు నీళ్లు. ఎవరో ఇచ్చి మళ్లీ రాని పెద్ద నల్ల గొడుగొకటి దూలానికి వేలాడుతుంటే తీశాను. రేడియో ఒకవైపు చెయ్యి పట్టుకుంది, నేను గొడుగు పట్టాను. పెద్దరోడ్డు దాకా నడిచాం. రేడియో దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. అది చూసి కోడలు, "అత్తా, ఏదో ఒకటి వాగు, నాకు భయమేస్తోంది," అంది. రేడియో టీ సంగతి మళ్లీ మొదట్నుంచీ చెప్పింది.

ఆసుపత్రిలో కడుపుకి పట్టీ కట్టి బిడ్డ గుండె చప్పుడు విన్నారు. డాక్టరమ్మ కాసేపు మొహం ముడుచుకుని విన్నది. "బిడ్డ అలిసిపోతోంది. నొప్పులు కూడా మొదలయ్యాయి, ఈ అమ్మాయికి తెలియలేదు. ఇప్పుడే రావడం మంచిదైంది. రేపు చూద్దామనుకుని ఉంటే చెప్పలేను," అంది.

రేడియో లోపలికి వెళ్లింది. నేను తెర ఇవతల బల్ల మీద కూర్చున్నాను. గొడుగు కాళ్ల మధ్య నీళ్లు కారుస్తోంది. లోపల మాటలు, ఇనుప చప్పుళ్లు, నర్సమ్మ 'ఊపిరి, ఊపిరి' అనడం. తర్వాత కోడలి గొంతు వచ్చింది.

"మామయ్యా, ఉన్నారా?"

"ఉన్నానమ్మా."

"ఏదైనా మాట్లాడండి."

నా దగ్గర మాటలెక్కడివి. గొడుగు తెరిచాను. గుడ్డ బిగిసింది. ఆగాను. మూశాను. టక్కుమంది. మళ్లీ తెరిచాను.

ఒక నర్సు తెర పక్కకి లాగింది. "పెద్దాయనా, లోపల గొడుగేంటి? పైకప్పు కారుతోందా?"

"తెరవనివ్వమ్మా," అంది లోపల్నుంచి రేడియో. "పిల్ల దాని మీదే ఊపిరి తీస్తోంది."

నర్సు నన్ను చూసింది, గొడుగుని చూసింది. తెర వేసి వెళ్లింది. నేను తెరిచాను, మూశాను. ఎన్నిసార్లో తెలీదు. చేతులు లాగేశాయి. కోడలు అరిచింది, తిట్టింది, మా అబ్బాయిని పేరుపెట్టి తిట్టింది. ఎవరైనా రండి అని మాత్రం పిలవలేదు. దీపాలు వేసే వేళకి గొడుగు తెరిచి ఉండగానే లోపల మరో గొంతు లేచింది. చిన్నదే, కానీ రేడియోని మించిన గొంతు.

మూయడం మర్చిపోయి అలాగే పట్టుకుని కూర్చున్నాను. రేడియో బయటికొచ్చి నా చేతిలోంచి గొడుగు తీసుకుని మూసింది. "ఆడపిల్ల అన్నయ్యా. టీ తాగుదాం పద."

మర్నాడు అబ్బాయి మోకాళ్ల దాకా బురదతో వచ్చాడు. పెళ్లాం మంచం పక్కన నిలబడి బిడ్డని చూసి, నా వైపు తిరిగి, నా చేతిలో గొడుగు అందుకున్నాడు. ఆ పొద్దునే ఆ గొంతు నాకు ఫోన్ చేసింది. "అభినందనలు. మీరు తండ్రి అయ్యారు."

"తాతనమ్మా," అన్నాను.

ఇంటికి వచ్చేముందు నర్సమ్మ నంబరు మార్చింది. ఇక అబ్బాయికే వెళుతుంది. వారం తర్వాత రోడ్డు మీంచి ఫోన్ చేశాడు. "నాన్నా, ఎవరో ఆడమనిషి నన్ను బిడ్డ గుడ్డలు ఉతకమంటోంది."

"ఇంటికొచ్చి ఉతుకు," అన్నాను.

వానలు వెనకబట్టాయి. గొడుగులు తగ్గాయి. పొద్దున ఆ వేళకి ఊచ చేతిలో పట్టుకుని ఫోన్ వైపు చూసేవాణ్ణి. మోగేది కాదు. అలవాటు, అంతకన్నా ఏం లేదు.

ఒక పొద్దున మోగింది. బొత్తం నొక్కాను.

"నమస్కారం," అందొక గొంతు. ముక్కుతో, పాకం పట్టినట్టు. అదే గొంతు లోపలి గదిలోంచి కూడా వినబడుతోంది. "మీ మనవరాలికి ఇది రెండో నెల. రాత్రంతా మేలుకుని ఉంది. వాళ్లమ్మకు నిద్ర లేదు. ఇవాళ కాసేపు ఆమె పక్కన కూర్చోండి. ఆమె చెప్పేది వినండి. సలహాలు ఇవ్వకండి."

పటకారు కింద పెట్టాను. కిటికీ కర్ర తీసి తలుపు దించి లోపలికి వెళ్లాను.